తుపాకీ అర్జీలు నేర్పిన పాఠాలు

కోలారు జిల్లా బంగారుపేటలో అర్జీలు రాస్తూ ముసలివాణ్ణయ్యాను. తుపాకీ లైసెన్సుకు రాయించుకున్నవాళ్లు ఎక్కువగా రైతులే. అడవిపందులు టమాట తోటలు తొక్కేస్తుంటే ఓర్చలేక వచ్చేవాళ్లు. "నా చేను నేను కాచుకునేదానికి నా గురించి ఊరంతా విచారించాల్నా?" అని అడిగేవాళ్లు. వాళ్లకు చెప్పినవే ఇవి.

1. తుపాకీ మన దేశంలో ప్రాథమిక హక్కు కాదు. 1878 ఆయుధ చట్టం తెల్లవాళ్లను వదిలేసి మనవాళ్లకే లైసెన్సు పెట్టింది. ఆ మంటతోనే 1931లో కరాచీ కాంగ్రెసు ఆయుధాన్ని హక్కుల్లో చేర్చింది. స్వరాజ్యం వచ్చాక, 1948 డిసెంబరులో, రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ అదే అడిగితే సభ ఒప్పుకోలేదు. అమెరికాలో అది రాజ్యాంగ హక్కే. అయినా 1993 బ్రేడీ చట్టం అక్కడ కూడా కొనేవాడి పూర్వాపరాలు చూడమంది.

2. అన్ని విచారణలూ ఒకటి కావు. 1930లో కేజీఎఫ్‌లో, అంటే కోలారు బంగారు గనుల్లో, కార్మికుల వేలిముద్రలు తీసుకుంటామంటే వాళ్లు సమ్మెకు దిగారు. న్యాయమే. పొట్టకూటికి గనిలో దిగేవాణ్ణి దొంగలా చూడటం అవమానం. తుపాకీ అడిగేవాడి సంగతి వేరు. వాడి చేతికి వచ్చేది పక్కవాడి ప్రాణం తీయగల వస్తువు. ఆ పక్కవాడికీ హక్కుంది.

3. ఇంట్లో ఆడవాళ్లను అడగాలి. ఒక అర్జీకి విచారణ జరుగుతుంటే నేనూ అక్కడే ఉన్నాను. విచారణకు వచ్చిన పోలీసాయన అరుగు మీద కూర్చుని, కాఫీ తాగి, వీధిలో నలుగురు మగవాళ్లను అడిగి, "కేసులేమీ లేవు" అని రాసుకున్నాడు. ఇంటామె వాకిలి పక్కన నిలబడే ఉంది, మోచేతి మీద కమిలిన మచ్చతో. ఆమెను ఒక్క మాట అడగలేదు. తాగి చెయ్యి చేసుకునేవాడి సంగతి ఠాణా పుస్తకంలో ఉండదు. విచారణ ఎక్కువైందని కాదు, చాలలేదని నా బాధ.

4. ఎన్నికలప్పుడు తుపాకీ ఠాణాలో అప్పగించమంటే అప్పగించండి. రసీదు మరవకండి.

5. హక్కుకు దెబ్బ తగిలేది విచారణలో కాదు, జవాబు రాకపోవడంలో. కాగితం ఠాణాలో పడి మూలిగితే రైతు చెప్పులరిగేలా తిరుగుతాడు. లేదంటే చాటుగా నాటు తుపాకీ కొంటాడు, దానికి ఏ విచారణా ఉండదు. 1959 ఆయుధ చట్టం ఈ ఆలస్యానికి దారి చూపింది. పోలీసు నివేదిక గడువులో రాకపోతే, దానికోసం ఎదురుచూడకుండా అధికారి తీర్మానం చేయవచ్చు. ఆస్తి లేదన్న ఒక్క సాకుతో అర్జీ కొట్టేయకూడదు. కాదంటే కారణం రాసిపెట్టాలి. మీరు అడిగితే, ప్రజాహితానికి అడ్డమని అధికారి అనుకుంటే తప్ప, అది మీకు చెప్పాలి. కోలారు డిప్యూటీ కమిషనర్ (డీసీ) ఆఫీసులో అర్జీ ఇచ్చిన రోజే తేదీ ముద్ర వేయించుకోండి. తిరస్కరిస్తే ఆ కారణం రాతలో అడిగి తీసుకోండి, గడువు దాటకముందే అప్పీలుకు పోండి.