ఎర్ర కణాల్లో క్రోమియం లెక్క

హార్డ్ క్రోమ్ ప్లేటింగ్ తొట్టిలో కరెంటు పారుతున్నంతసేపూ బుడగలు పైకొచ్చి చిట్లుతుంటాయి. వాటితోపాటే క్రోమిక్ ఆమ్లపు సన్నని తుంపర గాల్లోకి లేస్తుంది. అందులో ఉండేది క్రోమియం-6. స్టెయిన్‌లెస్ స్టీలు వెల్డింగ్ పొగలోనూ ఉంటుంది. ఇది ఊపిరితిత్తుల క్యాన్సర్ తెస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1990లోనే తేల్చింది. పనివాళ్ల ఒంట్లోకి ఇది ఎంత చేరిందో రక్తంలో కొలిచే పద్ధతి ఇది.

కొలిచే యంత్రం మొత్తం క్రోమియాన్నే చూపుతుంది. అందులో 6 ఎంతో, అంత హానిలేని 3 ఎంతో చెప్పలేదు. ఆ వేర్పాటు ఎర్ర కణమే చేసిపెడుతుంది. క్రోమియం-6 సల్ఫేటు, ఫాస్ఫేటు వెళ్లే దారినే కణంలోకి దూరి, లోపల క్రోమియం-3గా మారి హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. ఇక మావులో పడ్డ చేపే. ఆ కణం బతికినన్నాళ్లూ, అంటే సుమారు 120 రోజులు, అక్కడే ఉంటుంది. బయటి నుంచి వచ్చిన క్రోమియం-3 కణపొర దాటడం కష్టం. అది ప్లాస్మాలోనే ఉండిపోతుంది. ఈ వేర్పాటు చెడకుండా చూడటమే కింది పనులన్నిటి ఉద్దేశం.

1. మనిషిని సిద్ధం చేయడం

వారంలో చివరి షిఫ్టు దిగాక రక్తం తీస్తారు. పని బట్టలు మార్చుకుని, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, షెడ్డుకు దూరంగా ఉన్న గదిలోకి రావాలి. బీడీ, సిగరెట్ అలవాటుందా, తుంటికి లోహపు కీలు వేయించుకున్నారా అని అడిగి రాసుకోవాలి. పొగాకు, ఆ కీలు రెండూ రక్తంలో క్రోమియాన్ని పెంచుతాయి. పోలిక కోసం తొట్టి దగ్గరికి వెళ్లని ఉద్యోగుల రక్తం కూడా తీసుకోవాలి.

2. రక్తం తీయడం

మామూలు సూది స్టీలుదే. స్టీల్లోనూ క్రోమియం ఉంది. అందుకే ప్లాస్టిక్ క్యాన్యులా పెట్టి సూది లాగేస్తారు. మొదట వచ్చే కొన్ని మిల్లీలీటర్లు వేరే ట్యూబులోకి వదిలేసి, ఆ తర్వాతి రక్తాన్ని ముదురు నీలం మూత ఉన్న ఈడీటీఏ ట్యూబులో పడతారు. ఇది లోహాల పరీక్షలకని ప్రత్యేకంగా తయారైన ట్యూబు. దాన్ని ఊపకూడదు, ఎనిమిది పది సార్లు మెల్లగా తలకిందులు చేయాలి.

3. కణాలను వేరు చేయడం

ఇక్కడ ఆలస్యం పనికిరాదు. ప్లాస్మాలో క్రోమియం-6 ఇంకా మిగిలి ఉంటే ట్యూబులోనే కణాల్లోకి పోతుంది. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాక పైకి తేలిన లేత పసుపు ప్లాస్మాను పిపెట్‌తో తీసి విడిగా దాచాలి. నడుమనున్న తెల్లకణాల పలుచని పొరను తీసేయాలి. అడుగున మిగిలిన ఎర్ర కణాలను 0.9 శాతం సెలైన్‌తో మూడుసార్లు కడగాలి. కడిగిన సెలైన్ ఎర్రబడిందంటే కణాలు పగిలినట్టే. ఆ నమూనాను లెక్కలోకి తీసుకోకూడదు.

4. కొలవడం

కణాలను, ప్లాస్మాను విడివిడిగా పలుచన చేసి, పరమాణువులను ద్రవ్యరాశిని బట్టి లెక్కించే ఐసీపీ-ఎంఎస్ యంత్రానికి ఎక్కిస్తారు. క్రోమియం ద్రవ్యరాశి 52. యంత్రంలోని ఆర్గాన్ (40), రక్తంలోని కార్బన్ (12) కలిసినా 52 అవుతుంది. ఈ దొంగ లెక్కను వడకట్టడానికి హీలియం వాయువు నింపిన గదిలోంచి అయాన్లను పంపుతారు. రక్తం తప్ప క్యాన్యులా, ట్యూబు, సెలైన్ అన్నీ వాడి తయారుచేసిన ఖాళీ నమూనాను కూడా నడపాలి. అందులోనే క్రోమియం బాగా కనిపిస్తే ఆ విడత ఫలితాలు నమ్మకూడదు.

5. అంకెలు చదవడం

పోలికకు తీసుకున్నవాళ్లకన్నా ప్లాస్మాలోనే ఎక్కువగా ఉంటే చాలావరకు క్రోమియం-3. ప్లాస్మా, కణాలు రెంటిలోనూ ఎక్కువైతే క్రోమియం-6 ఇటీవలే చేరింది. కణాల్లోనే ఎక్కువగా ఉంటే అది గత నెలల నాటిది. అంకె తక్కువ వచ్చినంత మాత్రాన భయం లేదని కాదు. సరిగా కరగని లెడ్ క్రోమేట్ లాంటివి రక్తంలోకి అంతగా రాకుండా ఊపిరితిత్తుల్లోనే పేరుకుంటాయి.

6. తర్వాత చేయాల్సింది

ఎవరి ఫలితం వాళ్లకు వాళ్ల భాషలో చెప్పాలి. మనిషిని వేరే పనికి మార్చి ఊరుకుంటే తొట్టి అలాగే ఉంటుంది. తొట్టి అంచున తుంపరను లాగేసే ఎగ్జాస్ట్, మూతలు, తుంపర అణిచే రసాయనం, వీలైతే క్రోమియం-3 ద్రావణం: సరిచేయాల్సినవి ఇవి. ఆ తర్వాత మళ్లీ పరీక్షిస్తే ప్లాస్మా అంకె ముందు దిగుతుంది. కణాల అంకె దిగడానికి పాత కణాలు పోయి కొత్తవి రావాలి, కనుక దాన్ని నాలుగు నెలలయ్యాకే చూడాలి. అప్పటికీ దిగకపోతే తుంపర ఇంకా ఆగలేదన్నమాట.