తినకున్నా చక్కెర పెరుగుతుందా?

ఒకనాడు మాధవరంలో తొమ్మిదవ తరగతి పిల్లవాడొకడు నన్నిట్లా అడిగాడు: “సార్, మా అవ్వకు చక్కెర జబ్బు ఉంది. కాలి పుండు చీముపట్టి జ్వరమొస్తే ఆదోనిలో ఆసుపత్రిలో చేర్పించినాము. రెండు దినాల నుండి గంజి తప్ప ఏమీ ముట్టలేదు. అయినా చక్కెర 310 ఉందంట! ఎట్లా సార్?”

మంచి ప్రశ్న. దీనికి జవాబు మన కాలేయంలో ఉంది.

రైతు గాదెలో జొన్నలు నిలవ చేసినట్లు, కాలేయం గ్లూకోజును గ్లైకోజెన్ రూపంలో నిలవ చేస్తుంది. దేహానికి పుండు, జ్వరం, శస్త్రచికిత్స వంటి కష్టం కలిగితే అధివృక్క గ్రంథులు ఎడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లను ఎక్కువగా స్రవిస్తాయి. వీటి వల్ల గాదె తెరుచుకొని గ్లూకోజు రక్తంలోకి వస్తుంది. పైగా ఇవి ఇన్సులిన్ పనికి అడ్డుపడతాయి. ఆరోగ్యవంతుల్లో క్లోమం మరింత ఇన్సులిన్‌ను స్రవించి సరిచేస్తుంది. మధుమేహ రోగుల్లో ఆ శక్తి చాలదు. చక్కెర మితిమీరితే తెల్ల రక్తకణాలు సూక్ష్మజీవులతో సరిగా పోరాడలేవు. అప్పుడు పుండు మానదు. పుండు మానకుంటే చక్కెర తగ్గదు!

అందుకే ఆసుపత్రిలో తరచుగా మాత్రలు ఆపి ఇన్సులిన్ ఇస్తారు. దాని మోతాదును పూటపూటకూ మార్చవచ్చు. భోజనానికి ముందు, పడుకునే ముందు వేలినుండి రక్తపుచుక్క తీసి పరీక్షిస్తారు. చాలామంది రోగులకు 100 మిల్లీలీటర్ల రక్తంలో చక్కెరను 140 నుండి 180 మిల్లీగ్రాముల మధ్య ఉంచాలని చూస్తారు.

ఇంకా తగ్గిస్తే మేలు గదా అనుకుంటున్నారా? 2009లో వెలువడిన ‘నైస్-షుగర్’ అనే పరిశోధనలో, తీవ్ర అస్వస్థతతో ఉన్న ఆరు వేలమందికి పైగా రోగులను పరిశీలించారు. చక్కెరను 81–108కి తగ్గించాలని చూసిన వారిలో 90 రోజుల్లో 27.5 శాతం మంది మరణించారు. 180 లేక అంతకు లోపుగా ఉంచిన వారిలో ఇది 24.9 శాతమే. చక్కెర మరీ తగ్గినా ప్రమాదమే!

70 కన్నా తగ్గితే చెమటలు, వణుకు, గుండెదడ, తికమక కలుగుతాయి. ఇన్సులిన్ ఇచ్చాక రోగి అన్నం తినకుంటే ఇట్లా జరగవచ్చు. వెంటనే నర్సును పిలవాలి. రోగి మింగగలిగితే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాలి. 15 నిమిషాలకు మళ్లీ పరీక్షించాలి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయరాదు. వారికి గ్లూకోజును నరంలోకి ఎక్కిస్తారు.

మీ ఇంటివారి దగ్గర తోడుగా ఉన్నప్పుడు మీరు చేయదగిన పని ఒకటుంది. అవ్వ ఎంత తిన్నదీ, ఏ పూట తిననిదీ కాగితం మీద రాసి నర్సుకు చూపండి. ప్రేమతో బయటినుండి ఉగ్గాని తెచ్చి చాటుగా పెట్టకండి. తిన్న సంగతి తెలియకుంటే వైద్యుడు లెక్క తప్పుతాడు. ఇంటి మాత్రలు కూడా ఆయనను అడగకుండా వేయకండి.

ఆలోచించండి: శస్త్రచికిత్స కోసం ఏమీ తినకుండా ఉన్న రోగికి ఆ ఉదయం చక్కెర మాత్రలు సాధారణంగా ఎందుకు ఇవ్వరు?