పార్కింగ్ బ్రేకును నమ్ముకోకు

చి. శ్రావణికి,

నీ విమానం ఫొటో చూశాను. 1966 నాటి సెస్నా 150, నీ వయసుకు రెట్టింపు పైనే. విచిటాలో పుట్టిన విమానం కాబట్టి మీ కాన్సాస్ గాలి దానికి కొత్త కాదు, నీకే కొత్త. పార్కింగ్ బ్రేకు వేసి కాఫీకి వెళ్ళొచ్చానని రాశావే, ఈ ఉత్తరం అందుకే.

అది కారు హ్యాండ్ బ్రేకు లాంటిది కాదమ్మా. కారులో చక్రం దాకా విడిగా కేబులు పోతుంది. ఇక్కడ విడి బ్రేకంటూ లేదు. ఎడమవైపు పెడళ్ళ దగ్గర రెండు మాస్టర్ సిలిండర్లుంటాయి, చక్రానికొకటి. పెడలు పైభాగాన్ని మునివేళ్ళతో నొక్కితే కడ్డీ దిగి ఆయిల్‌ను తోస్తుంది. పార్కింగ్ నాబ్ లాగితే ఆ కడ్డీల మీది చిన్న ప్లేట్లు ఒరుగుతాయి. కర్రకు తొడిగిన ఇనప కడియం ఏటవాలుగా పట్టేసినట్టు కడ్డీని పట్టేస్తాయి. చక్రాన్ని ఆపుతున్నదల్లా లోపల చిక్కుకున్న ఆ ఆయిలే.

ఎండకు ఆయిల్ ఉబ్బుతుంది. మామూలప్పుడు ఆ ఎక్కువైనది చిన్న సందు గుండా రిజర్వాయర్‌లోకి పోతుంది. కడ్డీ దిగి ఉంటే ఆ దారి మూసుకుపోతుంది. మధ్యాహ్నం సీళ్ళ మీద ఒత్తిడి, రాత్రి చల్లబడితే పట్టు సడలడం. సీలు కాస్త కారినా అంతే. వాడాలనిపిస్తే ఎగిరే ముందు ఇంజన్ పరీక్షించే రన్-అప్ కాసేపటికే, అదీ కాళ్ళు పెడళ్ళ మీదే ఉంచుకుని, వాడుకో. దిగావంటే చక్రాలకు అడ్డుదిమ్మెలు (చాక్స్), రెక్కలకూ తోకకూ తాళ్ళు. బ్యాటరీ చచ్చి చేత్తో ప్రొపెల్లర్ తిప్పాల్సొస్తే తోకకు తాడు కట్టి, లోపల తెలిసిన మనిషిని కూర్చోబెట్టనిదే ముట్టుకోకు.

ఇక నాబ్ లోపలికి తోసినా బ్రేకు వదలకపోవడం ఒకటుంది. తుప్పు పట్టో, స్ప్రింగు నీరసించో ఒక ప్లేటు అలాగే వాలి ఉండిపోతుంది. ఆ చక్రం పట్టి ఉండగా రన్‌వే మీద దిగితే విమానం అటు గుంజుతుంది. ఈ భయంతో పాత సెస్నాలున్న కొందరు దీన్ని వాడటమే మానేశారు. నాకూ అదే సబబనిపిస్తుంది.

కారు బ్రేక్ ఆయిల్ మాత్రం పోయనివ్వకు, రబ్బరు సీళ్ళు పాడవుతాయి. దీనికి వాడేది 5606 అనే ఎర్రటి మినరల్ ఆయిల్.

వచ్చే నెల వార్షిక తనిఖీ అన్నావుగా. మెకానిక్ పక్కన టార్చి పట్టుకుని పెడళ్ళ దగ్గర పడుకో. నాబ్ లాగి, తిరిగి లోపలికి తోసినప్పుడు రెండు ప్లేట్లూ తిరిగి తిన్నగా నిలబడుతున్నాయో లేదో చూసి, నాకు వీడియో పంపు.

మీ మామయ్య