మేనత్త పోలిక

ఒక ఊళ్లో ఇద్దరు తోడికోడళ్లు ఆరోగ్య ఉపకేంద్రానికి వెళ్లారు. 30 ఏళ్లు దాటిన ఆడవాళ్లకు అక్కడ రొమ్ము పరీక్ష చేస్తున్నారు. నర్సమ్మ అందరినీ ఒక ప్రశ్న అడుగుతోంది.

"మీ వాళ్లలో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ వచ్చిందా?"

"లేదమ్మా" అంది చిన్న కోడలు.

"అదేంటి చెల్లీ! మీ మేనత్త ఆ జబ్బుతోనే పోయిందిగా?" అంది పెద్ద కోడలు.

చిన్న కోడలు తల దించుకుంది.

"అది మా నాన్న వైపు అక్కా. అమ్మ వైపు ఎవరికీ లేదు. పైగా పుట్టింట్లో పెళ్లికి ఎదిగిన పిల్లలున్నారు. ఈ మాట బయటపడితే సంబంధాలు రావు" అంది.

నర్సమ్మ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది.

"నీ ముక్కు ఎవరి పోలిక తల్లీ?"

"మేనత్త పోలికే అంటారు."

"ముక్కు నాన్న వైపు నుంచి వచ్చింది. జబ్బు వచ్చే గుణం మాత్రం రాకూడదా? అత్తకు ఎన్నో ఏట వచ్చింది?"

"40 నిండలేదమ్మా. మా నాయనమ్మకూ రొమ్ములో గడ్డే అనేవారు."

"అయితే నా చేతి పరీక్ష ఒక్కటే నీకు చాలదు. పెద్దాసుపత్రికి చీటీ రాస్తాను" అంది నర్సమ్మ.

పోలికలు ఎలా వస్తాయి?

మన ఒంట్లో జన్యువులు ఉంటాయి. అవి కంటికి కనబడవు. పోలికలను తెచ్చేవి అవే. సగం అమ్మ నుంచి, సగం నాన్న నుంచి వస్తాయి.

కొన్ని కుటుంబాల్లో రొమ్ము క్యాన్సర్ జన్యువు వల్ల వస్తుందని అమెరికా శాస్త్రవేత్త మేరీ క్లేర్ కింగ్ 1990లో చూపించారు. ఆ జన్యువు పేరు బ్రాకా-1. తర్వాత బ్రాకా-2 కూడా దొరికింది. ఇవి అందరిలోనూ ఉంటాయి. వీటిలో లోపం ఉంటేనే ప్రమాదం. లోపం ఉన్న 100 మంది ఆడవాళ్లలో 60 మందికి పైగా జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు రొమ్ము క్యాన్సర్ వస్తుంది. అండాశయాల క్యాన్సర్ ప్రమాదమూ ఎక్కువే.

తల్లికి గాని, తండ్రికి గాని లోపం ఉంటే ప్రతి బిడ్డకూ బొమ్మా బొరుసా లాంటిదే. రావచ్చు, రాకపోవచ్చు. కొడుకులకూ రావచ్చు.

అందరికీ ఇలా రాదు. రొమ్ము క్యాన్సర్ వచ్చిన 100 మందిలో 5 నుంచి 10 మందికే ఇది వంశంలో వచ్చింది. ఇది అంటుకునే జబ్బూ కాదు.

ఎవరు జాగ్రత్త పడాలి?

అమ్మ వైపు గాని, నాన్న వైపు గాని రక్తసంబంధీకుల్లో:
- 50 ఏళ్ల లోపే రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు ఉంటే
- ఒకే వైపు ఇద్దరు ముగ్గురికి వచ్చి ఉంటే
- ఎవరికైనా అండాశయాల క్యాన్సర్ వచ్చి ఉంటే
- మగవారికి రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉంటే

డాక్టరుకు చెప్పాలి. జన్యువులో లోపం ఉందో లేదో రక్తపరీక్షలో తెలుస్తుంది. జబ్బు వచ్చిన మనిషి బతికి ఉంటే ముందు ఆమెకే చేయడం మంచిది.

ఏ పరీక్షలు చేస్తారు?

లోపం ఉన్నవారికి 25 ఏళ్ల నుంచి ఏటా ఎమ్మారై తీస్తారు. ఇది అయస్కాంతంతో తీసే బొమ్మ. గొట్టం లాంటి యంత్రంలో కదలకుండా పడుకోవాలి. వయసులో ఉన్నవారి రొమ్ము దట్టంగా ఉంటుంది. ఎక్స్‌రేలో చిన్న గడ్డ దాగిపోవచ్చు. అందుకే ఎమ్మారై కావాలి.

30 దాటాక ఏటా మామోగ్రామ్ కూడా తీస్తారు. ఇది రొమ్మును రెండు పలకల మధ్య నొక్కి తీసే ఎక్స్‌రే. కొద్ది క్షణాలు నొప్పి ఉంటుంది.

ఈ పరీక్షలు జబ్బును ఆపవు. గడ్డ చేతికి తగలక ముందే పట్టిస్తాయి. అప్పుడు వైద్యం తేలిక, బతికే ఆశ ఎక్కువ. అండాశయాలకు ఇలాంటి నమ్మకమైన పరీక్ష లేదు. వాటి గురించి డాక్టరుతో విడిగా మాట్లాడాలి.

హైదరాబాద్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రి ప్రభుత్వానిదే.

గుర్తుంచుకోండి

పెళ్లయితే ఇంటిపేరు మారుతుంది. రక్తం మారదు. జబ్బు మాట దాస్తే సంబంధం కుదరవచ్చు. కాని ఆ పిల్లకు పరీక్ష చేయించుకునే సమయం దాటిపోతుంది.

ఆలోచించండి

1. చిన్న కోడలు మొదట "లేదు" అని ఎందుకు అంది?
2. మీ అమ్మమ్మ, నాయనమ్మ, పెద్దమ్మ, పిన్ని, మేనత్తల పేర్లు రాయండి. ఎవరికి ఏ జబ్బు, ఎన్నో ఏట వచ్చిందో పక్కన రాయండి.
3. ఆ కాగితం మీ ఇంట్లో ఎవరెవరు చూడాలి?