అశ్లీల వ్యసనము: నిజమెంత? ప్రచారమెంత?

తెలుగున ‘వ్యసనము’ అను పదమునకు రెండర్థములు గలవు. విడువలేని చెడు అలవాటు ఒకటి. దుఃఖము, మనోవేదన రెండవది. జూదము, పానము మొదలగు సప్తవ్యసనములను చెప్పునపుడు మొదటి అర్థమును, ‘అతడు కొడుకును గూర్చి వ్యసనపడుచున్నాడు’ అనునపుడు రెండవ అర్థమును గ్రహింతుము. సెల్‌ఫోనులో అశ్లీల చిత్రములు చూచువారిని గూర్చి నేడు పత్రికలును టెలివిజనును పలుకు ‘వ్యసనము’లో ఈ రెండర్థములును కలగాపులగమైనవి. ఈ కలగాపులగము వలన లాభపడువారు వర్తకులు. నష్టపడువారు మన యిండ్లలోని బిడ్డలు. కావున ఈ రెంటిని విడదీసి చూచుట అవసరము.

సరుకు చేరిన దారి

హైదరాబాదులోని అబిడ్స్‌లో ఆదివారమునాడు దుకాణములు మూసియుండగా కాలిబాటల మీద పాత పుస్తకముల సంత జరుగును. నిఘంటువులు, నవలలు, పాఠ్యగ్రంథములు అచట చౌకగా లభించును. దానికి దగ్గరలోనే సెల్‌ఫోనులకు పేరుపొందిన జగదీశ్ మార్కెట్ గలదు. పుస్తకపు కాలమునకును ఫోను కాలమునకును గల భేదము ఈ ఒక్క పేటలోనే గోచరించును. పూర్వము ఏ ఊరనైనను బూతు పుస్తకము కోరినవాడు అంగడివాని యెదుట నిలువవలెను, నలుగురి కంట బడుదునేమోయని జంకవలెను, పైకము చెల్లింపవలెను. ఆ సిగ్గును ఆ వ్యయమును రెండు కట్టుబాట్లుగా పనిచేసినవి. ఫోను ఈ రెంటిని తొలగించినది. 2016 సెప్టెంబరులో జియో సేవలు ఆరంభమైన పిదప డేటా ధర పడిపోయి, విద్యార్థి చేతికి సైతము అది అందినది.

ఇచట ఒక రహస్యము గలదు. చిత్రము ఉచితముగా లభించునపుడు చూచువాడు కొనుగోలుదారు కాడు. అతని కాలమే ప్రకటనలిచ్చువారికి అమ్ముడుపోవు సరుకు. అందుచేతనే ఒకటి ముగియకముందే మరియొకటి కన్నుల యెదుట నిలుచునట్లు ఆ యంత్రాంగము కూర్పబడినది.

లెక్కలు ఎవరివి?

1995 జూలై 3వ తేదీ ‘టైమ్’ పత్రిక ముఖచిత్ర కథనమొకటి ప్రకటించినది. ఇంటర్నెట్ చర్చావేదికలలో ఒక తరగతికి చెందిన చిత్రములలో 83.5 శాతము అశ్లీలములని ఒక విద్యార్థి చేసిన పరిశోధన దానికి ఆధారము. కొలది దినములలోనే పండితులు ఆ పరిశోధనలోని లోపములను బయటపెట్టిరి. అయినను జనుల మనస్సున నాటినది అంకెయే గాని ఖండనము కాదు.

ఇప్పటి పద్ధతి వేరు. కెనడాలో కేంద్రము గల ఒక పెద్ద అశ్లీల చిత్ర సంస్థ 2013 నుండి తన వీక్షకుల లెక్కలను ప్రకటించుచున్నది. 2018లో భారతదేశము మూడవ స్థానమున నున్నదని అది తెలుపగా మన పత్రికలు వార్తగా ముద్రించినవి. అది సంస్థ తానే చెప్పుకొన్న లెక్క. చూచిన పర్యాయములను తెలుపునే గాని ఎందరు రోగులో తెలుపదు. వర్తకుని ప్రకటన రుసుము లేకుండ వార్తయైనది.

భయమును అమ్మువారు

ఆశను అమ్మువాడు ఒకడైన, భయమును అమ్మువాడు మరియొకడు. రైల్వే స్టేషన్ల పరిసరములలో ‘రహస్య వ్యాధుల’ వైద్యుల ప్రకటనలు చూడనివారుండరు. లైంగికశక్తిని పెంచుదుమను మందుల ప్రకటనలను 1954 నాటి చట్టము నిషేధించినది. ప్రకటనలు మాత్రము మాయము కాలేదు. ధాతునష్టమను భయము వలన కలుగు మనోవేదనను 1960లోనే డాక్టర్ ఎన్. ఎన్. విగ్ ఒక లక్షణసముదాయముగా గుర్తించెను. తెలుగున డాక్టర్ జి. సమరం వంటివారు వారపత్రికల ద్వారా ఇట్టి అపోహలను తొలగింప యత్నించిరి. పత్రికలు మేలును చేయగలవనుటకు ఇది తార్కాణము.

వైద్యశాస్త్ర నిర్ణయము

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరి 1 నుండి అమలుపరచిన వ్యాధుల పట్టికలో ‘నిగ్రహింపలేని లైంగిక ప్రవర్తన’ యను రుగ్మత చేరినది. జూదమును చేర్చిన వ్యసనముల వర్గమున దీనిని చేర్చక, ప్రేరణలను అదుపు చేసికొనలేని రుగ్మతలలో చేర్చిరి. ఆరు మాసములు లేదా అంతకు మించి అదుపు తప్పుట, ఆరోగ్యమును బాధ్యతలను విడుచుట, మానయత్నించి పలుమార్లు విఫలుడగుట, కీడు కలిగినను మానలేకుండుట — ఇవి దాని గుర్తులు.

అందు మనము ముఖ్యముగా గమనింపవలసిన వాక్యార్థమొకటి గలదు: కేవలము ‘పాపము చేసితిని’ యను భావము వలన కలిగిన వేదన మాత్రమే యున్నచో అది ఈ రుగ్మత కాదు. ఆచారవంతుల యింట పుట్టిన బాలుడు రెండుమూడు పర్యాయములు చూచి, తాను వ్యసనపరుడనని కుమిలిపోవచ్చును. అతనిది రెండవ అర్థమున వ్యసనము, అనగా దుఃఖము. వానికి కావలసినది ఓదార్పును సరియైన తెలివిడియును. నిజముగా బద్ధుడైనవానికి చికిత్స కావలెను. ఇద్దరికిని ఒకే పేరు పెట్టినచో మొదటివాడు మోసగాని చేత చిక్కును; రెండవవాడు వైద్యునికి దూరమగును.

మరుగునపడినవారు

వ్యసనమను చర్చ చూచువాని దోషముతోనే ముగియును. చిత్రమునందున్నవారి గతి యేమి? 2020 డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్ వ్యాసము వెలువడిన పిదప వీసా, మాస్టర్‌కార్డు సంస్థలు చెల్లింపులను నిలిపివేయగా, పైన చెప్పిన కెనడా సంస్థ ధ్రువీకరణము లేని సుమారు 1 కోటి చిత్రములను తొలగించినది. బాలబాలికల అశ్లీల చిత్రములను చూచుటయు దాచుటయు చట్టరీత్యా నేరములని మన సుప్రీంకోర్టు 2024 సెప్టెంబరు 23న తీర్పు చెప్పినది. పరుల అవమానముతో గడించిన ధనము ఎన్నటికిని కాయకము కానేరదు.

పెద్దల కర్తవ్యము

బిడ్డ పట్టుబడిననాడు తిట్టుట, నలుగురిలో సిగ్గుపరచుట తగదు. మొదట అతనిది అలవాటా, వేదనయా యని నెమ్మదిగా అడిగి తెలిసికొనవలెను. అదుపు తప్పిన గుర్తులు కనబడినచో మానసిక వైద్యుని చూపింపవలెను. ప్రభుత్వము 2022 అక్టోబరులో ఆరంభించిన టెలీ మానస్ సేవ 14416 సంఖ్యపై ఉచితముగా లభించును. మఠములలో యువజనులకు బోధించువారు సైతము భయపెట్టుటను మాని తెలియజెప్పుటను అవలంబించుట మేలు.

ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. పత్రికలో ఒక అంకె కనబడినపుడు, దానిని లెక్కించినవాడెవడు? దాని వలన లాభమెవనికి?

2. పశ్చాత్తాపమునకును రోగమునకును భేదమేమి?

3. తప్పు చేసిన బిడ్డ నిర్భయముగా వచ్చి చెప్పుకొనుటకు మన యింట చోటు గలదా?