లెఫ్ట్ హాఫ్‌కు ఒక ఉత్తరం

తిరువళ్లూరు,
ఆదివారం సాయంత్రం

చిరంజీవి పాపకు తాత ఆశీస్సులు.

నిన్న రాత్రి ఫోనులో నువ్వు చెప్పింది సగమే వినబడింది, మిగతా సగం ఏడుపు. ఈలోగా మీ అవ్వ ఫోను లాక్కుని, "పిల్లను ముందు నుంచి వెనక్కి తోసేశారంట" అని నాకే తిరిగి చెప్పింది, బడి నుంచి పేరు కొట్టేసినట్టు. తెల్లారి కాఫీ తాగుతూ నెమరేసుకుంటే సంగతి తెలిసింది. రెండేళ్లుగా సెంటర్ ఫార్వర్డ్ ఆడుతున్న నిన్ను మీ సార్ లెఫ్ట్ హాఫ్‌లో నిలబెట్టాడు. నాకు చెవి సరిగా పనిచేయదు, నీకు ఓపిక ఉండదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

ముందు స్టిక్ తీసుకుని నట్టింట్లో నిలబడు, నిలబడే చదువు. హాకీ స్టిక్‌కు ఆడదగిన ముఖం ఒకటే, ఎడమవైపున్న చదును. గుండ్రటి వైపు తగిలితే ఫౌల్. ఎడమచేతి వాటం వాళ్లకు వేరే స్టిక్ లేదు. ఇప్పుడు ఎదురు జట్టు రైట్ వింగర్ గీత వెంబడి నీ మీదికి వస్తోందనుకో. బంతి ఆమె కుడిచేతి వైపు ఉంటుంది, అంటే నీకు ఎడమ పక్క. నీ చదును ముఖం సులువుగా అందేదేమో కుడి పక్కకు. ఎడమ పక్క బంతి తీయాలంటే స్టిక్ తిరగేసి, మొన కిందికి దించి, రివర్స్‌లో తీయాలి. కాస్త ఆలస్యమైతే బంతికి బదులు ఆమె కాలు తగులుతుంది. రైట్ హాఫ్‌కు ఈ బాధ తక్కువ. అక్కడ గీత వెంబడి వచ్చే పిల్ల తన స్టిక్ ముందుకే వస్తుంది.

కాబట్టి లెఫ్ట్ హాఫ్ చేతుల్ని నమ్ముకుంటే లాభం లేదు, పాదాలతో ఆడాలి. ముందుగానే కదిలి గీత వైపు దారి మూసేయాలి. అప్పుడామె లోపలికి తిరుగుతుంది, నీ స్టిక్ వైపుకు. అక్కడ సెంటర్ హాఫ్ తోడుండాలి, లేకపోతే నువ్వే ఆమెను గోలు ముందుకు సాగనంపినట్టు అవుతుంది. అంటే నోరు కూడా ఆడాలి. 1980లో మాస్కో ఒలింపిక్స్ ఫైనల్లో స్పెయిన్ మీద 4-3తో గెలిచి బంగారం తెచ్చిన మన జట్టు కెప్టెన్ వాసుదేవన్ భాస్కరన్ మద్రాసు మనిషి. ఆయన ఆడింది లెఫ్ట్ హాఫే. నీ చోటు చెత్తబుట్ట కాదని చెప్పడానికి ఈ ఒక్క పేరు చాలదూ?

మా రోజుల్లో ఐదుగురు ఫార్వర్డ్‌లు, ముగ్గురు హాఫ్‌లు, ఇద్దరు ఫుల్ బ్యాక్‌లు. రైట్ ఔట్, రైట్ ఇన్, లెఫ్ట్ ఇన్ అని పేర్లు పెట్టి పిలుచుకునేవాళ్లం. నేను రైట్ ఇన్. తొంభైల్లో ఆఫ్‌సైడ్ నియమం పోయాక ఆ గీతలన్నీ చెరిగిపోయాయి. ఇప్పుడు హాఫ్ కూడా ఎదుటి గోలు ముందున్న డి దాకా పరిగెత్తాల్సిందే.

ఇక అసలు ప్రశ్న: ఎవరిని ఎక్కడ నిలబెట్టాలో పి.టి. మాస్టరు ఎలా తేలుస్తాడు? ఈ పని చాలా ఏళ్లు చేశాను, తప్పులూ చేశాను. గోళ్లు కొరుక్కుంటూ నువ్వు అనుకుంటున్నట్టు గోల్స్ లెక్కపెట్టి కాదు. బంతి నీ దగ్గర ఉన్నప్పుడు నువ్వేం చేస్తావో ఊరందరికీ కనబడుతుంది. మేం చూసేది బంతి లేనప్పటి నిన్ను. బంతి పోగొట్టుకున్నాక ఎన్ని అడుగులు వెంటబడ్డావు? అందుకునే ముందు ఒకసారి భుజం మీదుగా వెనక్కి చూశావా? పక్కదాన్ని పేరు పెట్టి పిలిచావా? పోయిన సంక్రాంతి సెలవుల్లో నీ ఆట చూశాను. గోలు కొట్టిన తర్వాత ఏం చేశావో నాకు గుర్తు లేదు. బంతి పోయిన ప్రతిసారీ నడుం వంచి వెనక్కి పరిగెత్తావు, అది గుర్తుంది. మీ సార్ కూడా అదే చూసి ఉంటాడు.

ఒళ్లు చూసి చోటు ఇవ్వడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. అది నేనే చేశాను. ఏడో తరగతిలో ఒక పిల్లవాడు మిగతావాళ్లకంటే జానెడు పొడుగు, మంచి దిట్టం. ఫుల్ బ్యాక్ అన్నాను. మూడేళ్లు అక్కడే. బంతి వస్తే బలంగా కొట్టడం తప్ప వాడికి నేనేమీ నేర్పలేదు, మేం గెలుస్తున్నాం కదా అని. పదో తరగతికి మిగతా పిల్లలూ ఎదిగారు. వాడి పొడుగు మామూలైపోయింది, చేతిలో విద్య లేదు. ఆట మానేశాడు. ఇప్పటికీ బజారులో కనబడితే "సార్" అని నమస్కారం పెడతాడు, నాకు తల కొట్టేసినట్టుంటుంది.

ఇంకోవైపు శ్రీజేశ్‌ను చూడు. తిరువనంతపురంలో జి.వి. రాజా క్రీడా పాఠశాలకు పోయింది అథ్లెటిక్స్ కోసం. హాకీలోకి లాగి గోలు ముందు నిలబెట్టింది అక్కడి కోచ్. ఆ కుర్రవాడే టోక్యో, పారిస్ ఒలింపిక్స్‌లో కంచు పతకాలు తెచ్చిన మన జట్లకు గోలీ.

మన పక్క నుంచి ఇంకా దగ్గరి పేరు ఉంది, ఎతిమరపు రజని. ఉమ్మడి చిత్తూరు జిల్లా పల్లెటూరి పిల్ల. (మన తిరుత్తణి కూడా ఒకప్పుడు ఆ జిల్లాదే. 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలోకి మార్చారు. నాకప్పుడు లాగు కట్టుకోవడం కూడా రాదు. మా ఇంట్లో ఎవరినీ అడగలేదు, పొద్దున లేచేసరికి జట్టు మారింది. అయినా అవ్వ ఇప్పటికీ చింతపండు రేటు తెలుగులోనే బేరమాడుతుంది.) రజని కూడా గోలీయే. ఏళ్ల తరబడి మన దేశపు జట్టులో సవిత పునియా వెనక రెండో గోలీ. అది హాకీలో అన్నిటికన్నా ఒంటరి ఉద్యోగం. ఫార్వర్డ్ అయితే ఐదు నిమిషాలకోసారి లోపలికి వెళ్లి రావచ్చు, రెండో గోలీ టోర్నమెంటంతా ప్యాడ్లు కట్టుకుని కూర్చోవాల్సి రావచ్చు. 2024 జనవరిలో మస్కట్‌లో ఐదుగురి హాకీ ప్రపంచకప్‌కు వెళ్లిన మన అమ్మాయిల జట్టుకు ఆమే కెప్టెన్. ఫైనల్లో నెదర్లాండ్స్ చేతిలో ఓడి వెండి తెచ్చారు.

2023 ఆగస్టులో నిన్ను ఎగ్మూరు మేయర్ రాధాకృష్ణన్ స్టేడియానికి తీసుకెళ్లాను, గుర్తుందా? (ఆ రాధాకృష్ణన్ మన ఊరి సర్వేపల్లి వారు కాదని నీకు రైల్లో మూడుసార్లు చెప్పాను.) మలేసియాతో ఆసియా చాంపియన్స్ ట్రోఫీ ఫైనల్. సగం ఆటకు 1-3తో వెనకబడి, చివరికి 4-3తో గెలిచారు. నువ్వు గోల్స్ చూశావు, నేను బెంచ్ చూశాను. ఇప్పుడు మార్పిళ్లకు లెక్క లేదు, బయటికి వచ్చినవాడు మళ్లీ లోపలికి పోవచ్చు. పదిహేనేసి నిమిషాల నాలుగు క్వార్టర్లలో ఫార్వర్డ్‌లు వస్తూ పోతూనే ఉంటారు. అంచేత కోచ్ ఒక్కొక్కరిని కాదు, జతల్ని ఆలోచిస్తాడు. ఎవరు ఎవరితో కలిసి లోపలికి పోవాలి? కొత్తవాడి పక్కన ఎవరు? తెలిసినవాడెవడూ ఒకే పక్కన ఇద్దరు కొత్తవాళ్లను నిలబెట్టడు. నీ పక్కన సెంటర్ హాఫ్‌గా నీకంటే రెండేళ్లు పెద్దపిల్లను పెట్టాడని ఏడుపు మధ్యలో నువ్వే చెప్పావు. నిన్ను తోసేసినవాడు ఆ పని చేస్తాడా?

ఇంకో చోటు కూడా తెలిసి ఉంటే ఏం లాభమో చూడు. పారిస్‌లో 2024 ఆగస్టు 4న బ్రిటన్‌తో క్వార్టర్ ఫైనల్. రెండో క్వార్టర్లోనే డిఫెండర్ అమిత్ రోహిదాస్‌కు రెడ్ కార్డు. మిగిలిన ఆటంతా పదిమందే. అప్పుడు మన్‌ప్రీత్ సింగ్ వెనక్కి జారి ఆ ఖాళీ కాశాడు. మిడ్‌ఫీల్డర్ అతను, టోక్యోలో కెప్టెన్. 1-1 దగ్గర నిలబెట్టి, షూటౌట్‌లో 4-2తో గెలిచారు. అంత ఒత్తిడిలో మరొకరి చోటికి పోవాలంటే ఆ చోటు ఎలా ఉంటుందో కాళ్లకు ముందే తెలిసి ఉండాలి.

అలాగని మీ సార్ చేసిందల్లా ఒప్పు అనడం లేదు. కప్పు కోసం పదకొండు మందినే పట్టుకుని, మిగతా పిల్లల చేత నీళ్ల సీసాలు మోయించే మాస్టర్లను చూశాను. ఆడపిల్ల కదా అని వెనక నిలబెట్టి ఊరుకునేవాళ్లనీ చూశాను. కాబట్టి అడుగు. ఏడుస్తూ కాదు, అందరి ముందూ కాదు. ప్రాక్టీసు అయ్యాక బంతులు ఏరుతున్నప్పుడు అడుగు. "నన్నెందుకు తీసేశారు" అనకు. "సార్, ఇక్కడ నేనేం నేర్చుకోవాలి, ఎన్ని మ్యాచ్‌లు" అని అడుగు. జవాబు ఉంటే ఆయన దగ్గర ఒక ఆలోచన ఉన్నట్టు. గొణిగితే నాకు ఫోన్ చెయ్, నేనొచ్చి మాట్లాడతాను. ఇంకొకటి: పెనాల్టీ కార్నర్‌లో ఏదో ఒక పని ఇమ్మని కోరు. గోలు పక్కన వెనక గీత మీద నుంచి బంతి లోపలికి నెట్టే పని అయినా సరే. అది మణికట్టు పని, నీకు వస్తుంది. గోలు వాసన కూడా పోదు.

వచ్చే ఆదివారం పొద్దున ఎలక్ట్రిక్ రైలెక్కి వచ్చేయ్. అరక్కోణం దాటాక నిద్రపోకు, పోయినసారి ఆవడి దాకా పోయావు. స్టిక్ తెచ్చుకో, షిన్ గార్డులు కూడా. మిద్దె మీద సుద్దతో గీత గీసి పెడతాను. రైట్ వింగర్‌గా నేనే వస్తాను, నా చేతికర్రతో. నన్ను గీత వెంబడి దాటిపోనివ్వకూడదు.

మీ అవ్వ నీకిష్టమని కారం దోసెలకు పిండి రుబ్బుతానంది.

ఆశీస్సులతో,
తాత