బోదురు కప్పను పెంచుకోవచ్చా?



ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో తొలకరి గట్టిగా పడిందంటే చాలు, కుంటల దగ్గర పసుపు పూసినట్టున్న పెద్ద పెద్ద కప్పలు కనిపిస్తాయి. అవే బోదురు కప్పలు. చిన్న తరగతుల తమ్ముళ్లు వాటిని పట్టి బకెట్లో వేసి, "అన్నా, దీన్ని పెంచుకుందామా?" అని అడుగుతుంటారు. జవాబు చెప్పేముందు ఆ జీవి గురించి తెలుసుకుందాం.

ఏమిటీ కప్ప?

దీని శాస్త్రీయ నామం హోప్లోబట్రాకస్ టైగరినస్. మన దేశపు కప్పల్లో అతి పెద్దవాటిలో ఇది ఒకటి. సుమారు 17 సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది. మామూలు రోజుల్లో ఆకుపచ్చగానో గోధుమ రంగులోనో ఉంటుంది. వానాకాలంలో మాత్రం మగ కప్ప పసుపు రంగుకు మారుతుంది. దాని గొంతుకు రెండు పక్కలా ఉబ్బే నీలి సంచులే రాత్రంతా మనకు వినిపించే బెకబెకలకు కారణం.

ఎండాకాలం ఎక్కడుంటుంది?

వానతో పాటు కప్పలు ఆకాశం నుంచి పడతాయని కొందరు అంటారు. అది నిజం కాదు. అవి నేలలోనే ఉంటాయి. బోదురు కప్ప తేమ ఉన్న బొరియల్లో, మట్టిలో దాక్కుని ఎండలు గడుపుతుంది. మన చెల్కల్లో స్ఫీరోథీకా అనే గుండ్రటి చిన్న కప్ప కూడా ఉంది. దాని వెనుక కాళ్ల అడుగున పార లాంటి గట్టి బొడిపె ఉంటుంది. దానితో మట్టిని తోస్తూ వెనక్కి వెనక్కి భూమిలోకి దిగిపోతుంది. కరువులో రోకలికి కప్పను కట్టి కప్పతల్లి ఆడే మన పెద్దలు, కప్పకూ వానకూ ఉన్న సంబంధాన్ని ఏనాడో గమనించారు.

బకెట్లో ఎందుకు బతకదు?

కప్ప నోటితో నీళ్లు తాగదు, చర్మంతో పీల్చుకుంటుంది. శ్వాస కూడా కొంత చర్మంతోనే. మన చేతి సబ్బు, ఉప్పు, నీళ్లలోని బ్లీచింగ్ పౌడర్ ఆ చర్మానికి హాని చేస్తాయి. అన్నం మెతుకులు ముట్టదు, కదిలే పురుగునే పట్టి తింటుంది. విదేశాల్లో ఆఫ్రికా బుల్‌ఫ్రాగ్ అనే పెద్ద కప్పను గాజు తొట్టిలో పెంచేవారున్నారు. దానికి లోతైన తడి మట్టి, శుభ్రమైన నీరు, బతికున్న పురుగులు కావాలి. పక్కన ఇంకో కప్పను పెడితే దాన్నీ మింగగలదు. ఇరవై ఏళ్లకు పైగా బతకగలదు. అన్నేళ్లు ఎవరు చూస్తారు?

చట్టం ఏమంటుంది?

ఒకప్పుడు మన దేశం నుంచి కప్ప కాళ్లు విదేశాలకు ఎగుమతి అయ్యేవి. పొలాల్లో పురుగులను తినే కప్పలు తగ్గిపోతే రైతుకే నష్టం. 1987లో ఆ ఎగుమతిని నిషేధించారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో కప్పలకూ చోటు ఉంది. ఒక చోటి కప్పను ఇంకో చోట వదలడమూ తప్పే. మనుషుల వల్ల అండమాన్ దీవులకు చేరిన బోదురు కప్ప అక్కడ విపరీతంగా పెరిగింది. దాని తోకకప్పలు అక్కడి కప్పల పిల్లలను తినేస్తున్నాయి.

మరి మనం ఏం చేయవచ్చు?

1. తొలి వాన తేదీ, కప్పల అరుపు మొదలైన రోజు, గుడ్లు, తోకకప్పలు కనిపించిన రోజులు నోటుబుక్కులో రాయండి. నాలుగేళ్లు రాస్తే అదే మంచి ప్రాజెక్టు.
2. కుళాయి నీరు పారే మూల కొంత మట్టి నేలను సిమెంటు చేయకుండా వదలమని వార్డెన్ గారిని అడగండి.
3. సంపులో, నీటి తొట్టిలో ఒక కర్ర ముక్క వాలుగా పెట్టండి. పడిన కప్ప ఎక్కి బయటికి వస్తుంది.
4. రాత్రి చూడాలంటే పెద్దల అనుమతితో, టార్చిలైటుతో, కాళ్లకు బూట్లతో వెళ్లండి. కప్పలున్న చోటికి పాములు వస్తాయి.

కాబట్టి తమ్ముళ్లూ, కప్పను బకెట్లో కాదు, దాని కుంటలోనే పెంచుదాం. పట్టుకున్న కప్ప ఏదైనా ఉంటే ఈ సాయంత్రమే తెచ్చిన చోట వదిలేయండి. అది తినే పురుగు మన ఊరి పొలంలోదే.